చలి తక్కువైన సీమలో పాదాల సంరక్షణ

శీతాకాలంలో పాదాల సంరక్షణను గురించి వైద్యగ్రంథాలలో కనిపించే అధ్యాయాలు ఎక్కువగా హిమపాతం కలిగే దేశాలను దృష్టిలో ఉంచుకొని రాసినవి కావడం వల్ల, గడ్డకట్టించే చలికి వేళ్లలో రక్తప్రసరణ ఆగి కండ చచ్చిపోవడం, తడిచలికి వేళ్లపై దురదతో కూడిన ఎర్రని వాపులు లేవడం వంటి విషయాలకే వాటిలో పెద్దపీట లభించింది. కడప జిల్లాలోని వేముల, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల ప్రజలకు అటువంటి చలితో పరిచయం లేదు. మార్గశిర, పుష్య మాసాల తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సాధారణంగా 17, 18 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు దిగి, మధ్యాహ్నానికి మళ్లీ 30 డిగ్రీల దాకా చేరుకొనే ఈ సీమలో పొద్దెక్కేసరికి స్వెట్టరు బరువనిపిస్తుంది. అయినప్పటికీ దీపావళి దాటిన తరువాత మడమలు పగలడం మొదలై, సంక్రాంతి నాటికి కొందరికి నెత్తురు కనిపించేంత లోతుకు పోవడం ఇక్కడి ఇళ్లలో ఏటా చూసేదే. ఇందుకు కారణాలను చలిలో వెతకడం కన్నా పొడిగాలిలో, మడమను పట్టి ఉంచని చెప్పులో, పాదం మాటిమాటికీ తడిసి ఆరే పనుల్లో, అన్నిటికీ మించి నొప్పి పుట్టేదాకా పాదాన్ని పట్టించుకోని అలవాటులో వెతకడం ఉచితం.

పగులు ఎలా పుడుతుందో తెలియాలంటే ముందు అరికాలి చర్మపు నిర్మాణాన్ని పరిశీలించాలి. చర్మంలో సాధారణంగా రెండు రకాల గ్రంథులు ఉంటాయి. నూనెవంటి పదార్థాన్ని స్రవించి చర్మాన్ని మెత్తగా ఉంచేవి తైలగ్రంథులు. చెమటను పుట్టించేవి స్వేదగ్రంథులు. అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ స్వేదగ్రంథులు ఒంటిమీద మరెక్కడా లేనంత దట్టంగా ఉండగా, తైలగ్రంథులు మాత్రం ఒక్కటీ ఉండవు. అంటే అరికాలు తన మెత్తదనానికి చెమట తడి మీదనే ఆధారపడుతున్నదన్న మాట. వేసవిలో చెమట ధారాళంగా పడుతుంది కనుక ఎండ ఎంత మండినా మడమ కొంత మెత్తగానే ఉంటుంది. శీతాకాలంలో చెమట తగ్గి, గాలిలో తేమ కూడా తగ్గడంతో, చర్మపు పైపొర తనలోని నీటిని కోల్పోతుంది. నిర్జీవ కణాలు ఒకదానిపై ఒకటి పేరుకొని ఏర్పడిన ఈ పైపొర ముఖం మీదకన్నా మడమ మీద ఎన్నో రెట్లు మందంగా ఉంటుంది కాబట్టి, నీరు తగ్గినప్పుడు అది గట్టిపడి సాగే గుణాన్ని పోగొట్టుకొంటుంది.

పైపొర గట్టిపడినంత మాత్రాన పగులు రాదు; దానిని లాగే బలం మరొకటి కావాలి. మడమ ఎముక కింద కొవ్వుతో నిండిన మెత్తని దిండు వంటి భాగం ఒకటి ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ శరీరపు బరువు దానిపై పడి, అది పక్కలకు వ్యాపిస్తుంది. కాలు ఎత్తగానే తిరిగి యథాస్థితికి వస్తుంది. వెనుక పట్టీ గాని గోడ గాని లేని హవాయి చెప్పులో ఈ వ్యాప్తికి అడ్డు ఉండదు గనుక, మడమ అంచు చెప్పు దాటి బయటికి ఉబుకుతుంది. మెత్తని చర్మమైతే ఈ సాగుడును సహించగలదు గాని, ఎండి బిరుసెక్కిన చర్మం సహించలేక అంచు వెంబడి నిలువునా చీలుతుంది. పగుళ్లు మడమ మధ్యలో కాక దాదాపు ఎప్పుడూ అంచునే పుట్టడానికి కారణం ఇదే. స్థూలకాయులకు, గంటల తరబడి నిలబడి పనిచేసేవారికి, హోటళ్లలో దోసెపెనం ముందు నిలిచేవారికి, బడిపంతుళ్లకు ఇవి ఎక్కువగా రావడం కూడా దీనితోనే అర్థమవుతుంది. కాబట్టి మందు సంగతి తరువాత చూడవచ్చు. మడమను వెనుకనుంచి పట్టి ఉంచే పాదరక్షను మార్గశిరం నుంచి శివరాత్రి దాకా వాడడం మొట్టమొదటి చికిత్స. ఈ సీమలో బూట్లు ఆఫీసుకు, పెళ్లికి అన్న భావన బలంగా ఉన్నది గాని, వెనుక పట్టీ ఉన్న శాండల్ అయినా చాలును.

ఈ ప్రాంతపు ఇళ్ల నేల కూడా ప్రస్తావించదగినదే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో దొరికే నాపరాయి, దక్షిణ దేశమంతటా కడప బండగా పేరుపొందిన సున్నపురాయి, ఇక్కడి మిద్దెలకూ వసారాలకూ పరుపు. ఈ ప్రాంతపు శిలలను విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో వెలువడిన తన గ్రంథంలో సవిస్తరంగా వర్ణించాడు. రాయి చెక్కకన్నా, చాపకన్నా చాలా వేగంగా వేడిని లాక్కుంటుంది. గదిలోని గాలి 20 డిగ్రీలు ఉన్నా బండ మీద నిలిచిన పాదం మంచును తాకినట్టు అనిపించడానికి ఇది కారణం. ఆ చల్లదనం ఆరోగ్యవంతునికి హాని చేయదు గాని, పాదంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకొనేట్టు చేసి చెమటను మరింత తగ్గిస్తుంది. దానికి తోడు ధనుర్మాసమంతా వేకువనే లేచి వాకిట కళ్లాపి చల్లి, తడినేల మీద వట్టికాళ్లతో గంటసేపు వంగి ముగ్గు పెట్టి, ఆ తరువాత అంట్లు తోమి, బట్టలు ఉతికే స్త్రీల పాదాలు పొద్దున నాలుగైదు సార్లు తడిసి ఆరుతాయి. పైపొర నానినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు మునుపటికన్నా ఎక్కువగా కుంచించుకుపోవడం వల్ల పగుళ్లకు దారి ఏర్పడుతుంది. చర్మం సహజంగా స్వల్ప ఆమ్లగుణం గలది; బట్టల సబ్బు క్షారగుణం గలది; ఉతికే రాయి దగ్గర పారే సబ్బునీటిలో పాదాలు నానడం పైపొరలోని కొద్దిపాటి కొవ్వును కూడా కడిగివేస్తుంది. ముగ్గు మానమని చెప్పడం ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు. రబ్బరు చెప్పులతో ముగ్గు పెట్టడం, ఉతుకు ముగిసిన వెంటనే మంచినీళ్లతో కాళ్లు కడిగి, తుడిచి, నూనె రాయడం సాధ్యమైనవే. మెట్టెల కింద తడీ మురికీ చేరి వేలు ఒరుసుకుపోకుండా వాటిని కదిపి తుడవడం కూడా ఇందులో భాగం.

పొలాల్లో మరొక కారణం పొంచి ఉంటుంది, దాని గురించి పట్టణపు వైద్యులు అరుదుగా అడుగుతారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడిలో అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తే శనగ, నేలలోని తేమ మీదా మంచు మీదా పెరిగి పండే పైరు. శనగ మొక్క ఆకులమీద, కాండం మీద, కాయల మీద కంటికి లీలగా కనిపించే నూగు ఉంటుంది. ఆ నూగు చివర్లలోని గ్రంథులు మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు కలిసిన పులుపును స్రవిస్తాయి. తెల్లవారుజామున పైరు మీద పరిచిన గుడ్డకు అంటిన మంచునీటిని పిండి ఈ పులుపును సేకరించే పద్ధతి పూర్వం నుంచి ఉన్నది. ఆయుర్వేదంలో దీనికి చణకామ్లమని పేరు. పురుగును దూరంగా ఉంచడానికి మొక్క చేసుకొన్న ఈ ఏర్పాటు, మంచు ఆరకముందే చేలో దిగి చిగుళ్లు తుంచే కూలీల పిక్కలకు, చీలమండలకు, వేళ్ల సందులకు అంటి, పగుళ్లలో చేరి మంట పుట్టిస్తుంది. శనగచేలో తిరిగి వచ్చినవారు చెప్పుల పట్టీలు త్వరగా తెగుతాయని ఫిర్యాదు చేయడంలో వింత లేదు. తోలును తినే ఆమ్లం మడమను వదలదు. చేలో దిగేముందు పాదాలకు వాజిలిన్ గాని ఆముదం గాని దట్టంగా పట్టించడం, వీలైతే మంచు ఆరేదాకా ఆగడం, గట్టెక్కగానే సబ్బు లేకుండా నీళ్లతో కడుక్కోవడం ఇందుకు తగిన జాగ్రత్తలు. వేముల, లింగాల, పులివెందుల ప్రాంతాల అరటి, చీనీ తోటల్లో బిందుసేద్యం వచ్చిన తరువాత రాత్రిపూట బురదలో నిలబడి నీళ్లు కట్టే పని తగ్గింది. బిందుసేద్యపు ప్రయోజనాల జాబితాలో నీటి ఆదా గురించి చెప్పేవారు పాదాలను మరచిపోతారు.

పొడి పాదాల గురించి ఇంతగా చెప్పినప్పటికీ, తడి పాదాల బాధ వేరొక వర్గానికి ఉన్నది. వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గనిలోనూ ముగ్గురాయి గనుల్లోనూ పనిచేసే కార్మికులు షిఫ్టు పొడుగునా మూసిన బూట్లు తొడుక్కొని ఉంటారు. బూటు లోపలి వేడికి చెమట పట్టి, అది ఆరే దారి లేక, వేళ్ల సందుల చర్మం నాని తెల్లబడి పొరలుగా లేస్తుంది; అక్కడ శిలీంధ్రం, అంటే బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి, చేరి దురదను, వాసనను పుట్టిస్తుంది. ముఖ్యంగా నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య సందు ఇరుకు కావడం వల్ల మొదట అక్కడే కనిపిస్తుంది. స్నానం తరువాత వేళ్ల సందులను గుడ్డతో పొడిగా తుడవడం, నూలు మేజోళ్లను రోజూ మార్చడం, రెండు జతల బూట్లను రోజు మార్చి రోజు వాడి ఒకదాన్ని ఎండలో ఆరనివ్వడం, పాదమంతటికీ నూనె రాసినా వేళ్ల సందులను మాత్రం వదిలివేయడం అవసరం. శిలీంధ్రం కొన్నిసార్లు పొడి రూపంలో కూడా వస్తుందన్న సంగతిని చాలామంది ఎరగరు. అరికాలంతా పిండి చల్లినట్టు పొట్టు రాలుతూ, ఒక పాదం బాగా చెడి రెండోది బాగున్నా, లేక రెండు పాదాలతో పాటు ఒక అరచేయి మాత్రమే పొట్టు రాలుతున్నా, అది చలిపగులు కాదని అనుమానించాలి. దానికి ఎంత నూనె రాసినా ఫలితం ఉండదు, పరీక్ష చేయించి తగిన మందు వాడాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల్లో గుంటమగ్గం మీద కూర్చొని, చెమ్మ నిండిన గుంటలోకి కాళ్లు వేలాడదీసి రోజంతా తొక్కుడు కర్రలు తొక్కే నేతగాళ్లకు కూడా ఈ తడిబాధ తెలుసు. కర్ర తగిలే చోట ఆనె కట్టడం, గుంట చల్లదనానికి వేళ్లు కొంకర్లు పోవడం వారికి అదనం.

ఇక చికిత్స విషయానికి వస్తే, పెద్దలు వాడిన ఆముదం, నువ్వులనూనె, వెన్న, నూనెలో కరిగించిన తేనెమైనం ఇవన్నీ చర్మంలోని నీరు ఆవిరికాకుండా పైన మూతగా నిలిచే పదార్థాలు. ఈ వర్గాన్ని వైద్యులు ఆవరణ లేపనాలు అంటారు. రాబర్ట్ చెస్‌బ్రో అనే అమెరికన్ రసాయనశాస్త్రజ్ఞుడు పేటెంటు పొందిన వాజిలిన్ కూడా ఈ వర్గానిదే. కింగ్ కడప శిలలను వర్ణించిన 1872వ సంవత్సరమే ఈ పేటెంటుకూ తేదీ కావడం కేవలం యాదృచ్ఛికం. మూత వేసే లేపనం లోపల నీరు ఉన్నప్పుడే పనిచేస్తుంది గనుక, ఎండిన మడమకు నేరుగా రాయడంకన్నా, పది నిమిషాలు గోరువెచ్చని నీటిలో పాదాలను ఉంచి, అద్ది తుడిచి, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రాసి, నూలు మేజోళ్లు తొడిగి పడుకోవడం వల్ల ఫలితం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. బిరుసెక్కిన పొర మందంగా ఉన్నవారికి యూరియా కలిసిన క్రీము మేలు. యూరియా నీటిని పట్టి ఉంచుతుంది, మోతాదు పెరిగినకొద్దీ గట్టి పొరను మెత్తబరుస్తుంది. పొలానికి చల్లే ఎరువుకూ దీనికీ రసాయన స్వరూపం ఒకటే అయినా, సంచిలోని ఎరువును నీళ్లలో కలిపి కాళ్లకు పూయడం ఎంతమాత్రం తగదు. స్నానమప్పుడు మెత్తబడిన చర్మాన్ని కాళ్లు రుద్దే రాయితో పలుచగా రుద్దవచ్చు. బ్లేడుతో గీకడం, ఆనెలపై జిల్లేడుపాలు పోయడం మాత్రం మానవలసిన పనులు. జిల్లేడుపాలు చర్మాన్ని కాల్చే గుణం గలవి.

ఇంతవరకూ చెప్పినది నొప్పి తెలిసే పాదాల గురించి. నొప్పి తెలియని పాదానికి ఇదే పగులు ప్రాణాంతకం కాగలదు. మధుమేహం చాలాకాలం అదుపు తప్పినప్పుడు కాళ్లకు పోయే సన్నని నాడులు దెబ్బతిని, మొదట తిమ్మిర్లు, మంటలు కలిగించి, చివరకు స్పర్శను పోగొడతాయి. అవే నాడులు చెమటను కూడా నియంత్రిస్తాయి కాబట్టి స్పర్శ పోయిన పాదానికి చెమట కూడా పోయి, అది త్వరగా పగులుతుంది, పగిలినా తెలియదు. ఈ సూత్రాన్ని లోకానికి స్పష్టం చేసిన పరిశోధన మధుమేహం మీద కాక కుష్ఠువ్యాధి మీద, అదీ పొరుగునే ఉన్న వెల్లూరులో జరిగింది. దక్షిణ భారతదేశంలోనే పుట్టి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు, కుష్ఠురోగుల పాదాల పుండ్లకు మూలం వ్యాధి మాంసాన్ని తినివేయడం కాదనీ, నొప్పి తెలియక గాయం మీద గాయం చేసుకుంటూ నడవడమేననీ నిరూపించాడు. అడుగు ఒత్తిడిని పంచే సూక్ష్మరంధ్రాల రబ్బరు చెప్పులు, వైద్యులు ఎంసీఆర్ చెప్పులుగా వ్యవహరించేవి, ఆ కృషిలో భాగంగా వాడుకలోకి వచ్చి, నేడు మధుమేహ రోగులకూ ఉపయోగపడుతున్నాయి.

స్పర్శ ఉన్నదీ లేనిదీ తేల్చే పరీక్ష చాలా సులువైనది. నైలాన్ దారం వంటి సన్నని పోగును, రోగి కళ్లు మూసుకొని ఉండగా, అరికాలిలో కొన్ని చోట్ల నిలువుగా ఆనించి అది వంగేదాకా నొక్కుతారు. ఆ పోగు 10 గ్రాముల ఒత్తిడికి వంగేట్టు తయారైనది. తాకిన సంగతి రోగి చెప్పలేకపోతే ఆ పాదానికి రక్షణస్పర్శ, అంటే ప్రమాదాన్ని హెచ్చరించే స్పర్శ, పోయినట్టే. మధుమేహం ఉన్న ప్రతివారూ ఏడాదికొకసారైనా ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది. స్పర్శ పోయినవారు చలికాలంలో చలిమంట దగ్గర కాళ్లు చాచడం, వేడినీళ్ల సంచి కాళ్లకింద పెట్టుకోవడం పూర్తిగా మానాలి. బొబ్బలెక్కే వేడి కూడా వారికి వెచ్చదనంగానే తోస్తుంది. పాదాలు ముంచే నీటి వేడిని తమ కాలితో కాక ఇంట్లో మరొకరి మోచేతితో చూపించుకోవాలి. నేలమీద పడుకొనేవారి మొద్దుబారిన వేళ్లను రాత్రివేళ ఎలుకలు కొరికినా మెలకువ రాని సందర్భాలు వైద్యులకు తెలిసినవే. మేజోళ్లు, మంచం, దోమతెర ఇందుకు రక్షణ. ఆనెలకు అంగట్లో దొరికే కార్న్ క్యాపుల్లో గాఢమైన శాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది గనుక వీరు వాటిని వాడరాదు.

అయ్యప్ప దీక్ష ఈ కాలంలోనే రావడం మరొక చిక్కు. మండల దీక్ష 41 రోజులూ చెప్పులు విడిచి తిరగడం ఆచారం. తెల్లవారుజామున చన్నీటి స్నానం, వెంటనే చల్లని బండపై నడక, మధ్యాహ్నం వేడెక్కిన తారురోడ్డు, దారివెంట పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. పాదం నిండా స్పర్శ ఉన్నవారు ఈ నియమాన్ని తేలికగానే దాటుతారు. మధుమేహంతో స్పర్శ పోయినవారు దీక్ష పుచ్చుకొనేముందే వైద్యునితోనూ గురుస్వామితోనూ మాట్లాడి పాదరక్ష విషయం తేల్చుకోవడం వివేకం. కాలికి కట్టుతో గుడికి వచ్చే స్వామికన్నా చెప్పులు బయట విడిచి గుడికి వచ్చే స్వామి ఏ దేవుని దృష్టిలోనూ తక్కువ కాడు. దీక్షలో ఉన్నవారెవరైనా రాత్రి భజన ముగిసిన తరువాత చిన్న అద్దం నేలపై పెట్టి అరికాలు చూసుకోవడం, వంగలేని పెద్దల పాదాలను ఇంటివారు చూడడం పాటించదగిన పద్ధతి. ముల్లు దిగితే పిన్నీసుతో కెలకకుండా శుభ్రం చేసిన పరికరంతో తీయించి, ధనుర్వాతం టీకా గడువులో ఉన్నదో లేదో చూసుకోవాలి.

రక్తనాళాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కొంతదూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్లీ నడిస్తే పట్టడం, చలికి ఒక కాలివేళ్లు మాత్రమే నీలిరంగుకు మారడం, చిన్న పుండు వారాల తరబడి మానకపోవడం ధమనులు మూసుకుపోతున్నాయనడానికి గుర్తులు. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగే మగవారిలో నడివయసుకు ముందే కనిపించే ఇటువంటి వ్యాధిని 1908లో లియో బర్గర్ అనే వైద్యుడు వర్ణించాడు. దీనికి పొగాకు పూర్తిగా మానడం తప్ప నిలకడైన చికిత్స లేదు, వేళ్లకు నూనె మర్దనా వల్ల ప్రయోజనం లేదు. పగులు చుట్టూ ఎర్రబడి వేడెక్కి వాపు పైకి పాకడం, చీము కారడం, చలిజ్వరం రావడం, మధుమేహం ఉన్నవారికి పాదంపై రంగు మారడం కనిపించినప్పుడు ఇంటివైద్యం ఆపి, అదే రోజున దగ్గరి ఆరోగ్యకేంద్రానికి గాని, ప్రొద్దుటూరు ఆస్పత్రికి గాని, కడప రిమ్స్‌కు గాని వెళ్లాలి.

చెప్పులు కొనే వేళ గురించి ఒక మాట మిగిలి ఉన్నది. పగలంతా నిలబడి నడిచిన తరువాత పాదం కొద్దిగా వాచి పెద్దదవుతుంది కాబట్టి, సంతకు పొద్దున వెళ్లి కొన్న పాదరక్ష సాయంత్రానికి బిగుసుతుంది. సాయంత్రం కొనడం మంచిది. రెండు పాదాలూ సమానంగా ఉండవు గనుక పెద్ద పాదాన్ని బట్టి కొలత తీసుకోవాలి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొత్త జతను మొదటి రోజున గంటకు మించి తొడగకుండా, విప్పిన వెంటనే పాదంపై ఎర్రని గుర్తులు పడ్డాయేమో చూడాలి. తొడిగే ప్రతిసారీ చెప్పును తలకిందులుగా దులిపి, అట్టలో దిగిన ముల్లు గాని మేకు గాని ఉన్నదేమో లోపల చేయి పెట్టి తడమాలి. మడమ వైపు ఒక పక్కకు అరిగిపోయిన చెప్పు నడకనే వంచి బరువంతా ఒక అంచు మీదికి తోస్తుంది కాబట్టి, పట్టీ ఇంకా తెగలేదన్న కారణంతో దానిని మరో చలికాలానికి అట్టిపెట్టుకోరాదు.